పట్టికలో లేని వైద్యుడు: ఉత్తరాంధ్రలో 'ఆర్‌ఎంపీ' పదం – వైద్య నమోదు చట్టాల చరిత్ర

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో 'ఆర్‌ఎంపీ డాక్టరు' అన్నది నిత్యవ్యవహార పదం. దాని పూర్తి రూపం 'రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్', అనగా నమోదైన వైద్యుడు. వాడుకలో మాత్రం అది ఏ వైద్య మండలి పట్టికలోనూ పేరు లేని వైద్యునికి స్థిరపడింది. ఈ అర్థవిపర్యయాన్ని నమోదు చట్టాల నిర్మాణం వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

చట్టానికి ముందున్న స్థితిని ఊహించడానికి గురజాడ 'కన్యాశుల్కం' ఒక సాహిత్యాధారం. 1909 నాటి మలికూర్పులో పూజారి గవరయ్య దయ్యాన్ని సీసాలో బంధించానని నమ్మిస్తాడు. అతని యోగ్యతను పరీక్షించే సంస్థ గాని, మోసాన్ని విచారించే మండలి గాని ఆ నాటక ప్రపంచంలో కనిపించవు. జనుల నమ్మకమే అతని యోగ్యతాపత్రం.

ఐదేళ్లకు, 1914లో, మద్రాసు వైద్య నమోదు చట్టం వెలువడింది. విజయనగరం అప్పుడు విశాఖపట్నం జిల్లాలోను, శ్రీకాకుళం గంజాం జిల్లాలోను ఉండేవి. రెండూ మద్రాసు రాజధానిలోనివే. ఈ చట్టం వైద్య మండలిని, వైద్యుల పట్టికను ఏర్పరచింది. వృత్తిలో గర్హనీయ ప్రవర్తన విచారణలో రుజువైతే పేరు తొలగించే అధికారాన్ని మండలికిచ్చింది. అయితే పట్టికలో లేనివారు వైద్యం చేయడాన్ని అది నిషేధించలేదు. చట్టరీత్యా చెల్లే ధ్రువపత్రాలిచ్చే హక్కును, సర్కారు ఆసుపత్రుల కొలువులను మాత్రమే నమోదైనవారికి ప్రత్యేకించింది. అంటే పట్టిక మొదట సర్కారు అవసరాన్ని తీర్చింది. పల్లె రోగి అవసరం దాని వెలుపలనే మిగిలింది. దేశీయ వైద్యాల స్థితిగతుల పరిశీలనకు 1921లో ఉస్మాన్ కమిటీ ఏర్పడటానికి ఈ వెలితి కూడ నేపథ్యమే.

1956 నాటి భారత వైద్య మండలి చట్టాన్ని 1964లో సవరించిన పిదప నమోదు లేని ఆధునిక వైద్యం శిక్షార్హమైంది. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ఏడాది వరకు ఖైదును గాని, 5 లక్షల రూపాయల వరకు జరిమానాను గాని విధించింది. అయినా రాష్ట్ర మండలి క్రమశిక్షణాధికారం పట్టికలోని వారిపైనే. ఆర్‌ఎంపీ చేతిలో నష్టపోయిన రోగికి పోలీసులు, న్యాయస్థానాలే దిక్కు. నమోదైన వైద్యుని విషయంలో సైతం, మండలి నిర్ణయంపై అప్పీలు హక్కును 2019 చట్టంలోని 30వ విభాగం వైద్యునికే పేర్కొంది. ఫిర్యాదుదారుని ప్రస్తావన అందులో లేదు.

కనుక 'ఆర్‌ఎంపీ' పదాన్ని కేవలం జనుల అజ్ఞానంగా భావించరాదు. పట్టిక తమ గడప దాకా రానప్పుడు, గడపకు వచ్చినవానికే పల్లె ఆ పట్టిక పేరు పెట్టుకొంది. రోగికి దక్కింది పేరు మాత్రమే. ఆ పేరు వాగ్దానం చేసిన విచారణ హక్కు దక్కలేదు.