వేల్స్ శాసనసభలో ప్రతిపక్ష ప్రశ్న: పరిణామ పరిశీలన (1999–2024)

ఉపోద్ఘాతం

ఉపనిషత్తుల్లోని శిష్యుడు తనకు తెలియనిదాన్ని తెలుసుకోవడానికి గురువును ప్రశ్నిస్తాడు. శాసనసభలోని ప్రతిపక్ష సభ్యుడు చాలా సందర్భాల్లో తనకు తెలిసిన విషయాన్నే, మంత్రి నోట సభాముఖంగా చెప్పించడానికి ప్రశ్నిస్తాడు. మొదటి ప్రశ్నకు జిజ్ఞాస మూలం. రెండవదానికి జవాబుదారీతనం మూలం. ఈ రెండవ రకం ప్రశ్న ఫలించాలంటే అడిగేవారు అధికారానికి వెలుపల నిలబడి ఉండాలి. 1999లో ఏర్పడిన వేల్స్ శాసనసభలో ఈ నియమం అంత సులభంగా కుదరలేదు. అక్కడి ప్రతిపక్షం మొదట చట్టరీత్యా, ఆపైన రాజకీయ ఒప్పందాల వల్ల అధికారానికి అతి సమీపంలోనే ఉండిపోయింది. ఆ సామీప్యం ప్రశ్నను ఎలా ప్రభావితం చేసిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఒకే దేహంలో ప్రశ్న, సమాధానం

వేల్స్‌కు అధికారాల బదలాయింపును 1979 మార్చి 1న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ప్రజలు భారీ ఆధిక్యంతో తిరస్కరించారు. 1997 సెప్టెంబర్ 18న అదే ప్రతిపాదన 6,721 ఓట్ల స్వల్ప ఆధిక్యంతో నెగ్గింది. 1998 నాటి వేల్స్ ప్రభుత్వ చట్టం 60 మంది సభ్యుల సభను ఏర్పరచింది. అయితే ఆ చట్టం శాసన విభాగాన్నీ కార్యనిర్వాహక విభాగాన్నీ వేరు చేయలేదు. సభ మొత్తం ఒకే చట్టబద్ధ సంస్థ. అధికారాలన్నీ సభవే; సభ వాటిని ప్రథమ కార్యదర్శికి, ఆయన తన సహచర కార్యదర్శులకు అప్పగించేవారు. ఆయా శాఖలను పర్యవేక్షించే సంఘాల్లో ఆ శాఖల కార్యదర్శులే సభ్యులుగా కూర్చునేవారు. అంటే న్యాయ దృష్టిలో ప్రశ్నించే సభ్యుడు, సమాధానమిచ్చే మంత్రి ఒకే దేహంలోని రెండు అవయవాలు.

ఈ నిర్మాణం ప్రతిపక్షాన్ని నిర్వీర్యం చేసిందని వెంటనే నిర్ణయించడం సరికాదు. తొలి ఎన్నికల్లో లేబర్ పార్టీకి 28, ప్లైడ్ కమ్రికి 17, కన్సర్వేటివ్‌లకు 9, లిబరల్ డెమొక్రాట్లకు 6 స్థానాలు వచ్చాయి. ఏ పార్టీకీ ఆధిక్యం లేదు. పశ్చిమ వేల్స్, లోయ ప్రాంతాలకు రావలసిన ఐరోపా నిధులకు తోడుగా బ్రిటిష్ ఖజానా నుంచి సరిపడా సొమ్ము తెస్తారా అని ప్రతిపక్షాలు ప్రథమ కార్యదర్శి ఆలన్ మైకేల్‌ను నిలదీశాయి. తృప్తికరమైన హామీ లభించకపోవడంతో అవిశ్వాస తీర్మానం వచ్చింది. 2000 ఫిబ్రవరి 9న ఓటింగుకు ముందే ఆయన రాజీనామా చేశారు. సభ ఏర్పడి ఏడాది కూడా నిండకముందే ఒక ప్రశ్న ప్రభుత్వాధినేతను మార్చింది. చట్టం గుర్తించని ఎడాన్ని సంఖ్యాబలం సృష్టించిందని దీనివల్ల అవగతమవుతుంది.

విభజన, ప్రశ్నా విధానం

ఆ ఎడం క్రమంగా చట్టంలోకీ ప్రవేశించింది. ప్రభుత్వాన్ని, సభను వీలైనంతవరకు వేరుగా నడపాలని సభ 2002లో తీర్మానించింది. రిచర్డ్ కమిషన్ 2004లో ఇచ్చిన నివేదిక చట్టబద్ధమైన విభజనతో పాటు సభ్యుల సంఖ్యను 80కి పెంచాలని సిఫారసు చేసింది. 2006 నాటి చట్టం మొదటి సిఫారసును స్వీకరించి రెండవదాన్ని వదిలివేసింది. 2007 ఎన్నికల తరువాత ప్రభుత్వం, శాసనసభ రెండు వేర్వేరు సంస్థలయ్యాయి. 2020 మే నుంచి సభ పేరు సెనెద్. వేల్స్ భాషలో ఆ మాటకు పార్లమెంటు అని అర్థం.

సభ సమావేశాల కాలంలో మంగళవారం ప్రథమ మంత్రి సమాధానాలిస్తారు. సభ్యులు ముందుగా దాఖలు చేసిన ప్రశ్నల జాబితాలో రెండవది ముగియగానే పార్టీల నాయకులకు ముందస్తు నోటీసు లేకుండా ప్రశ్నించే అవకాశం వస్తుంది. తెలుగు శాసనసభల్లో నక్షత్ర గుర్తు గల ప్రశ్నకు, దానిపై వేసే అనుబంధ ప్రశ్నకు ఉన్న భేదం తెలిసినవారికి ఈ ఏర్పాటు స్వభావం సులభంగా బోధపడుతుంది. ఈ రెండు సంప్రదాయాలకూ బ్రిటిష్ పార్లమెంటే మాతృక. దాఖలైన ప్రశ్నకు అధికారులు సమాధానం సిద్ధం చేసి పెట్టగలరు. నోటీసు లేని ప్రశ్నకు మంత్రి స్వయంగా పూచీపడాలి. ప్రతిపక్షం బలం ఈ రెండవదానిలోనే ఉంది.

రెండు భాషల సభ

సెనెద్‌లో వేల్స్ భాషలోగాని ఇంగ్లీషులోగాని ప్రశ్నించవచ్చు. 2012 నాటి అధికార భాషల చట్టం సభా కార్యకలాపాల్లో ఈ రెండింటికీ సమాన ప్రతిపత్తి కల్పించింది. అయితే తక్షణ అనువాదం వేల్స్ భాష నుంచి ఇంగ్లీషుకు మాత్రమే సాగుతుంది. 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్ భాష మాట్లాడగలవారు 17.8 శాతం. ఇంగ్లీషు ప్రశ్న మంత్రిని నేరుగా చేరుతుంది. వేల్స్ భాష రాని మంత్రిని ఆ భాషలోని ప్రశ్న అనువాదకుడి గొంతు ద్వారా, క్షణం ఆలస్యంగా చేరుతుంది. నోటీసు లేని ప్రశ్నకు ఆకస్మికతే ఆయుధం కనుక ఆ క్షణానికి విలువ ఉంది. మాతృభాషలో ప్రశ్నించే సభ్యుడు ఆ విలువను వదులుకొని, సభా రికార్డులో తన భాషకు స్థానం సంపాదిస్తున్నాడు. భాషా ప్రతిపత్తిని చట్టం సమం చేసినా ప్రశ్నించే పరిస్థితిని సమం చేయలేకపోవడం ఇక్కడ గమనార్హం.

ఒప్పందం నీడలో ప్రశ్న

2021 ఎన్నికల్లో లేబర్ పార్టీకి సరిగ్గా సగం, అంటే 30 స్థానాలు వచ్చాయి. ఆ ఏడాది డిసెంబరులో లేబర్ ప్రభుత్వం, ప్లైడ్ కమ్రి మూడేళ్ల సహకార ఒప్పందం చేసుకున్నాయి. ప్రాథమిక పాఠశాలల పిల్లలందరికీ ఉచిత భోజనం, సెనెద్ విస్తరణ ఇందులోని ముఖ్యాంశాలు. ప్లైడ్ కమ్రి మంత్రి పదవులు తీసుకోలేదు, ప్రతిపక్షంగానే కొనసాగింది. ఒప్పందంలోని విధానాలకు భాగస్వామిగా ఉంటూనే ఆ పార్టీ నాయకుడు మంగళవారాల్లో ప్రథమ మంత్రిని ప్రశ్నిస్తూ వచ్చారు. 1999 నాటి చట్టపరమైన సామీప్యం ఇప్పుడు రాజకీయ రూపంలో తిరిగి వచ్చిందనవచ్చు.

2024 మార్చిలో వాన్ గెతింగ్ ప్రథమ మంత్రి అయ్యారు. పార్టీ నాయకత్వ పోటీలో ఆయన ప్రచారానికి 2 లక్షల పౌండ్ల విరాళమిచ్చిన సంస్థ అధిపతికి గతంలో పర్యావరణ నేరాలకు శిక్ష పడింది. ఈ విరాళం విషయమై కన్సర్వేటివ్ నాయకుడు ఆండ్రూ ఆర్‌టీ డేవిస్, ప్లైడ్ కమ్రి నాయకుడు రీన్ అప్ యోర్వర్త్ సభలో పదే పదే ప్రశ్నించారు. నియమాలను ఉల్లంఘించలేదని గెతింగ్ సమాధానం. నియమం పాటించారా అన్నది ఒక ప్రశ్న, వివేకం పాటించారా అన్నది మరొకటి. సమాధానం మొదటిదానికి వచ్చింది. ప్రతిపక్షం అడిగింది రెండవది. మే 17న ప్లైడ్ కమ్రి ఒప్పందం నుంచి వైదొలగింది. జూన్ 5న కన్సర్వేటివ్‌లు ప్రవేశపెట్టిన అవిశ్వాస తీర్మానం 29–27 ఓట్లతో నెగ్గింది. అది ప్రభుత్వం మొత్తంపై కాక ప్రథమ మంత్రి ఒక్కరిపైనే ఉద్దేశించినది కావడంతో ఆయన చట్టరీత్యా పదవి వీడనవసరం లేకపోయింది. జూలై 16న ప్రభుత్వంలోని నలుగురు రాజీనామా చేయడంతో ఆయనా వైదొలుగుతున్నట్లు ప్రకటించారు. పతనానికి తక్షణ కారణం స్వపక్షమే అయినా, ఆ విషయాన్ని నెలల తరబడి చల్లారనివ్వకుండా నిలిపింది ప్రతిపక్ష ప్రశ్న.

ముగింపు

ఈ ఘటనల నుంచి సామీప్యం ప్రతిపక్షానికి హానికరమని, ఎడం శ్రేయస్కరమని సూత్రీకరించడం తేలిక. కాని ఒక వాస్తవం అందుకు అడ్డు వస్తుంది. 2006 నాటి చట్టం ప్రకారం 2024లో ప్రభుత్వంలో 14 మంది వరకు ఉండే వీలుండేది. సభాపతి, ఉపసభాపతులను కూడా మినహాయిస్తే 60 మందిలో మిగిలేది 44 మంది. వారిలో అధికార పక్ష సభ్యులూ ఉండేవారు. స్కాట్లండ్ పార్లమెంటులో సభ్యులు 129 మంది, ఉత్తర ఐర్లండ్ శాసనసభలో 90 మంది. ఈ కొరతను తీర్చడానికి, 2026 ఎన్నికల నుంచి సెనెద్ సభ్యుల సంఖ్యను 96కు పెంచుతూ 2024 మే 8న బిల్లు ఆమోదం పొందింది. దానికి మూడింట రెండు వంతుల మద్దతు అవసరం. కన్సర్వేటివ్‌లు వ్యతిరేకించగా ప్లైడ్ కమ్రి తోడ్పాటుతోనే అది సాధ్యమైంది. తొమ్మిది రోజుల తరువాత ఒప్పందం ముగిసింది.

ప్రశ్నించే స్వేచ్ఛను కొంత కుదించిన ఒప్పందమే ప్రశ్నించేవారి సంఖ్యను పెంచిందన్నమాట. అదే చట్టం ప్రథమ మంత్రి, ప్రధాన న్యాయ సలహాదారు కాక ఇతర మంత్రుల గరిష్ఠ సంఖ్యను 12 నుంచి 17కు పెంచింది కనుక పెరిగిన స్థానాలన్నీ ప్రశ్నకే దక్కవు. వేల్స్ ప్రతిపక్షం అధికారానికి దగ్గరై ప్రశ్నకు వనరులు సంపాదించింది. దూరమై ప్రశ్నకు పదును సంపాదించింది. ఏది ఎప్పుడు అవసరమో గుర్తించడంలోనే దాని రాజకీయ పరిణతిని అంచనా వేయాలి.