గగనసీమకు కావలి

ఆకాశము సముద్రమువలె ఎల్లరకును స్వేచ్ఛామార్గమా, లేక క్రిందనున్న నేలతోపాటు ఆయా దేశముల సొత్తా యను వివాదము మొదటి మహాసంగ్రామమునకు ముందు న్యాయకోవిదుల నడుమ సాగుచుండెను. 1910లో పారిస్ నగరమున సమావేశమైన రాజ్యములు దానిని తేల్చలేక విడిపోయినవి. లండన్ మీదను పారిస్ మీదను బాంబులు రాలిన పిమ్మట సందేహమునకు తావు లేకపోయెను. 1919 నాటి పారిస్ ఒడంబడిక ప్రతి రాజ్యమునకును తన గగనసీమపై సంపూర్ణ సార్వభౌమాధికారము కలదని ప్రకటించి, పరదేశపు సైనిక విమానము ప్రత్యేకానుమతి లేనిదే అందు సంచరింపరాదని శాసించెను. 1944 డిసెంబరు 7వ తేదీన చికాగోలో కుదిరిన ఒడంబడిక పౌరవిమానములకు కొంత వెసులుబాటు కల్పించినను, సైనిక, సుంక, పోలీసు విమానములను మూడవ అధికరణమున వేరుపరచి, వానికి పాత కట్టుబాటునే నిలిపియుంచెను.

కట్టుబాటు పుట్టినంత మాత్రమున ఉల్లంఘనము ఆగలేదు. 1948లో సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా వైమానికుడు కరాచీనుండి రాత్రివేళ భారతదేశముమీదుగా ఎగిరివచ్చి, నిజాము సంస్థానమునకు ఆయుధములు చేరవేసెను. అతని విమానములు సైనికమైనవి కాకపోయినను, మోసినవి ఆయుధములే.

తన ఆకాశమున దారి యిచ్చిన ప్రభుత్వము ఆ విమానము చేయబోవు కార్యమున భాగస్వామి యగునని నా దృఢాభిప్రాయము. 1986 ఏప్రిల్‌లో అమెరికా లిబియాపై దాడికి పూనుకొనినప్పుడు, ఇంగ్లండులోని లేకన్‌హీత్ స్థావరమునుండి బయలుదేరిన ఎఫ్-111 విమానములకు మిత్రరాజ్యములే యైన ఫ్రాన్సు, స్పెయిన్ దారి విడువలేదు. ప్రక్కప్రక్కనే బిగియ గూర్చున్న ఇరువురేసి వైమానికులతో ఆ విమానములు అట్లాంటిక్ మీదుగా ఐబీరియా ద్వీపకల్పమును చుట్టి, జిబ్రాల్టరు జలసంధి దాటి, చీకటిలో ఇంధనవిమానముల వెన్నంటి పలుమార్లు గాలిలోనే ఇంధనము నింపుకొనుచు, పోయిరాను రమారమి పదమూడు గంటలు ఎగురవలసివచ్చెను. వానిలో నొకటి తిరిగిరాలేదు. తన గడ్డనుండి వానిని ఎగురనిచ్చిన థాచర్ ప్రభుత్వము స్వదేశముననే తీవ్రవిమర్శకు గురియైనది.

మన దేశమునకు ఈ పరీక్ష 1991 గల్ఫు యుద్ధకాలమున ఎదురైనది. అమెరికా సైనిక రవాణా విమానములు బొంబాయి మున్నగు విమానాశ్రయములలో దిగి ఇంధనము నింపుకొనుటకు చంద్రశేఖర్ ప్రభుత్వము సమ్మతించిన సంగతి పత్రికలకెక్కగనే, అలీనోద్యమమును పెంచి పోషించిన దేశమునకిది తగునా యను ప్రశ్న చెలరేగెను. బయటినుండి ప్రభుత్వమును నిలబెట్టుచున్న కాంగ్రెసు నాయకుడు రాజీవ్ గాంధీ అభ్యంతరము తెల్పగా, ఫిబ్రవరిలో ఆ సౌకర్యము నిలిచిపోయెను. ఆ సమ్మతి తప్పా ఒప్పా యనుటకంటె, ఇంతటి నిర్ణయము ప్రజలకు పత్రికల ద్వారా తెలియవలసివచ్చుట నన్నెక్కువగా బాధించును. 2003లో ఇరాకు యుద్ధ సందర్భమున తుర్కీ పార్లమెంటు ఈ విషయమును చర్చించి, మార్చి 1న తన నేలపై అమెరికా సేనలకు చోటు నిరాకరించి, మార్చి 20న ఆకాశమున మాత్రము దారి యిచ్చెను. మంచిదో చెడ్డదో, ఆ బాధ్యతను ప్రజాప్రతినిధులు తామే ఓటువేసి తలకెత్తుకొనిరి.

2016 ఆగస్టులో భారత, అమెరికా దేశములు పరస్పర సైనిక సరఫరాలపై ఒప్పందము చేసికొని, ఇంధనాది సౌకర్యములకు ఒక పద్ధతి నేర్పరచుకొనినవి. అయినను ఆ ఒప్పందము క్రింద ప్రతి అభ్యర్థనను విడివిడిగా పరిశీలించి సమ్మతించుటయో నిరాకరించుటయో ఢిల్లీ ప్రభుత్వము చేతిలోనే యున్నది.