కలకత్తా తూర్పు చెఱువులు – కానరాని సేవకులు

కలకత్తాలో ఉద్యోగరీత్యా నివసించు ఆంధ్రులకు నగరపు తూర్పు అంచున సాగు బైపాసు రహదారి సుపరిచితమే. (2001 నుండి నగరపు అధికార నామము కోల్‌కతా, మన యిండ్లలో మాత్రము నేటికిని కలకత్తాయే.) ఆ రహదారికి ఆవల కనుచూపుమేర చెఱువులును, వాని గట్లవెంట గుఱ్ఱపుడెక్కయు, నీటిపై వ్రాలు కొంగలును కాన్పించును. వానిని వాననీరు నిలిచిన పల్లములని తలచువారు పెక్కురు. నిజమునకు ఆ నీటిలో అధికభాగము మన స్నానపుగదులనుండియు, వంటయిండ్లనుండియు, మరుగుదొడ్లనుండియు వెడలిన మురుగే. రోజునకు 70 కోట్ల లీటర్లకు పైబడిన మురుగునీరు ఈ నగరమునుండి తూర్పునకు పాఱుచున్నది. అందు కొంతభాగము ఈ చెఱువులలో శుద్ధియగుచున్నది. అందలి సారము చేపగా మాఱి మరల మన బజారునకే వచ్చుచున్నది. ఈ పనికి ఆధారభూతములైన సేవకులు బాక్టీరియాలు. వానికి జీతభత్యములు లేవు, సెలవులును లేవు.

బాక్టీరియా యను పేరు వినగనే మనకు రోగమే స్ఫురించును. ఇందుకు కలకత్తాయే కొంత కారణము. ఈజిప్టు మీదుగా 1883 చివర ఇచ్చటికి వచ్చిన జర్మను శాస్త్రజ్ఞుడు రాబర్టు కోఖ్, 1884 ఆరంభమున కలరాకు మూలమైన కామా ఆకృతిగల సూక్ష్మజీవిని వేఱుచేసి లోకమునకు వెల్లడించెను. బేలియాఘాటాలోని యొక చెఱువు నీటిలోను ఆయనకు ఆ జీవియే కాన్పించెను. జనులు ఆ చెఱువునందే స్నానమాడుచు, బట్టలుదుకుచు, ఆ నీరే త్రాగుచుండిరి. ప్రాణము తీయు సూక్ష్మజీవి బయటపడిన ఆ తావునకు కొద్ది మైళ్ల దూరముననే, నీటిని శుద్ధిచేయు సూక్ష్మజీవులు పనికి కుదురుకొనుట విచిత్రము.

హుగ్లీనది నగరమునకు పడమర నున్నను నేల వాలు తూర్పునకే. దీనిని గమనించి విలియం క్లార్కు అను ఇంజనీరు 1855లో భూగర్భ మురుగుకాలువల పథకమును ప్రతిపాదించెను. మురుగంతయు తూర్పుననున్న ఉప్పు సరస్సుల దిక్కుగా పోయి విద్యాధరీ నదిలో కలియవలెనని యేర్పాటు. విద్యాధరి సముద్రపు పోటు వచ్చు నది. ఆ పోటునీటితో సరస్సులలో ఉప్పునీటి చేపలను పెంచి జాలరులు బ్రదుకుచుండిరి. కాలక్రమమున నది పూడిపోయెను. 1928లో దానిని మృతనదిగా ప్రకటించిరి. ఉప్పునీరు రాకపోవుటచే చేపలు పోయినవి, జాలరుల బ్రదుకుతెఱువును పోయినది. మిగిలినది మురుగొక్కటే. 1930 ప్రాంతమున కొందఱు ఆ మురుగునే చెఱువులలోనికి మళ్లించి మంచినీటి చేపలను పెంచి చూచిరి. ప్రయత్నము ఫలించెను. ఏ విశ్వవిద్యాలయమును వారికి ఈ విద్య నేర్పలేదు. పిమ్మట కార్పొరేషను ఇంజనీరు బి. ఎన్. డే, మురుగును దూరమందలి కుల్టీ గాంగునకు చేర్చు కాలువలను నిర్మింపజేసెను. 1943 నాటికి అవి పనిచేయసాగినవి. బాంతలా వద్ద కాలువ నీటిమట్టమును ఎత్తుగా నిలుపుటచే మురుగు పంపులు లేకయే వాలుమీద చెఱువులకు చేరుటకు వీలు కలిగెను. ఈ చెఱువులనే బెంగాలీలు భేరీలందురు.

భేరీలో జరుగు పనిని కొంచెము నెమ్మదిగా చూడవలసియున్నది. చలికాలము చివర జాలరి చెఱువును ఎండగట్టి, అడుగు మట్టిని సవరించి, మురుగును నింపి, రెండు మూడు వారములు ఊరక విడిచిపెట్టును. చూచువానికి అది సోమరితనము. లోపల మాత్రము మహాసంరంభము. మలినములందలి మాంసకృత్తులను, పిండిపదార్థములను, క్రొవ్వులను బాక్టీరియాలు విడగొట్టి తినును. అప్పుడు బొగ్గుపులుసు వాయువును, అమ్మోనియాయు వెలువడును. మఱికొన్ని బాక్టీరియాలు అమ్మోనియాను నైట్రేటుగా మార్చును. ఈ నైట్రేటు నీటిలోని సన్నని నాచునకు ఎరువు. నాచు సూర్యరశ్మిలో పెరుగుచు ప్రాణవాయువును విడుచును. ఆ ప్రాణవాయువే బాక్టీరియాలకు ఊపిరి. ఇచ్చిపుచ్చుకొనుటలో ఇంతటి పొందిక ఉమ్మడి కుటుంబములలోను అరుదు. చెఱువు లోతు నిలువెత్తునకు మించదు కనుక ఎండ లోనికి దిగును. పగటివేళ నాచు బొగ్గుపులుసు వాయువును పీల్చుకొనుటచే నీటికి క్షారగుణము హెచ్చును. ఎండయు క్షారమును కలిసి రోగకారక క్రిములను చాలవఱకు నశింపజేయును. నలుపుడాలు నీరు ఆకుపచ్చబాఱగనే జాలరి కొన్ని చేపలను విడిచి పరీక్షించును. అవి బ్రదికినచో తక్కినవి విడుచును. బొచ్చె, శీలావతి, ఎఱ్ఱమోసు, తిలాపియా – ఇవి నాచును, సన్నజీవులను తిని, నాచు మితిమీఱి క్రుళ్లకుండ కాపాడును. పిదప మురుగును కొద్దికొద్దిగా, కొలతతో లోనికి వదలుచుందురు. ఆ కొలత కంటికి, ముక్కునకు తెలిసినదే.

పాశ్చాత్య దేశములలోను ఈ పని బాక్టీరియాలదే. 1914లో మాంచెస్టరు నగరమున ఆర్డెన్, లాకెట్ అనువారు మురుగులోనికి గాలిని పంపి బాక్టీరియాలచే వేగముగా శుద్ధిచేయించు పద్ధతిని ప్రకటించిరి. వారికి ప్రేరకుడైన గిల్బర్టు ఫౌలరు కొలదికాలమునకే బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సునకు ఆచార్యుడుగా వచ్చెను. కాని ఆ పద్ధతిలో గాలిని యంత్రములు అందింపవలెను, విద్యుత్తునకు వెల చెల్లింపవలెను. భేరీలో ఆ కర్చు నాచు భరించును.

1980 తరువాతి యేండ్లలో రాష్ట్రప్రభుత్వ ఇంజనీరు ధ్రువజ్యోతి ఘోష్, నగరపు మురుగు చివరకు ఏమగుచున్నదని కాలువవెంట నడచిపోయి జాలరుల యెదుట తేలెను. వారివద్ద కూర్చుండి నేర్చుకొనుటకు ఆయన సంకోచింపలేదు. ఆ ప్రాంతమునకు పటము గీసినవాడును, తూర్పు కలకత్తా చిత్తడినేలలను పేరు నిలిపినవాడును ఆయనయే. 1990లో ఐక్యరాజ్యసమితి వారి గ్లోబల్ 500 పురస్కారము లభించెను, 2018లో మరణించెను. ఆ నాటికే సగము కథ చేయిదాటియుండెను. ఉత్తరపు సరస్సులను 1962 నుండి హుగ్లీ యిసుక, ఒండ్రుతో పూడ్చి సాల్ట్‌లేక్ ఉపనగరమును కట్టిరి. మన కేంద్రప్రభుత్వ కార్యాలయములు కొన్ని ఆ పూడ్చిన నేలమీదనే యున్నవి. మనము బల్లలముందు కూర్చున్నచోట ఒకప్పుడు చేప లీదినవి. 1992లో పబ్లిక్ అను పౌరసంఘము అర్జీపై హైకోర్టు న్యాయమూర్తి ఉమేశ్‌చంద్ర బెనర్జీ మిగిలిన చిత్తడినేలలను పూడ్చరాదని ఆదేశించెను. 2002 ఆగస్టు 19న 12,500 హెక్టారులకు రామ్‌సార్ గుర్తింపు లభించినది. 2006లో రాష్ట్ర చట్టము వచ్చెను.

అదే దినమున మన కొల్లేటికిని రామ్‌సార్ గుర్తింపు లభించెనని యెంతమంది ఎఱుగుదురు? రెంటి కథలు మాత్రము విలోమములు. ఇచ్చట చేపల చెఱువులు నగరపు మలినమును కడుగుచున్నవి. కొల్లేటిలో చేపల చెఱువులే సహజసరస్సును ఆక్రమించినవి. 2006లో అచ్చట గట్లను ప్రేల్చి తొలగింపవలసివచ్చెను. ఆ ప్రాంతపు శీలావతి మంచుగడ్డలతో హౌరాకు చేరి, బజారున ఆంధ్ర రుయిగా అమ్ముడగుట మన గృహిణు లెఱిగినదే. భేరీ చేపకు రుచి యెక్కువని బెంగాలీ మిత్రులు వాదింతురు. ఆ వివాదములో నేను తలదూర్చను.

కలకత్తా విశ్వవిద్యాలయమున 1965లో డాక్టరేటు పొందిన ఆనందమోహన్ చక్రవర్తి అమెరికాలో చమురును తినగల బాక్టీరియాను రూపొందించెను. 1980 జూన్ 16న అమెరికా సుప్రీముకోర్టు 5–4 ఆధిక్యతతో ఆ జీవికి పేటెంటు ఈయవచ్చునని తీర్పుచెప్పెను. సముద్రమున తేలిన చమురును తొలగించుటకు దానిని విడిచిపెట్టుట మాత్రము జరుగలేదు. క్రొత్త జీవిని ప్రకృతిలోనికి వదలుటకు లోకము వెఱచెను.

బాక్టీరియాలకును హద్దు కలదు. తోళ్లశుద్ధి కార్ఖానాలనుండి వచ్చు క్రోమియమును అవి తక్కువ విషమైన రూపమునకు మార్చగలవే గాని, లేకుండ చేయలేవు. లోహము లోహముగానే అడుగుమట్టిలో నిలుచును. టాంగ్రా, తిల్జలా, తోప్సియా కార్ఖానాలను బాంతలాకు తరలింపవలెనని 1996లో సుప్రీముకోర్టు ఆదేశించినది.

జాలరుల నేటి ఫిర్యాదు మఱియొకటి. కాలువలు పూడి, చెఱువులు మేటవేసి, వారికి తగినంత మురుగు అందుటలేదు. మురుగు రాని భేరీ మెఱకయగును. మెఱకయైనచో ఇండ్లస్థలముగా దానికి వెల పలుకును. కావున తమకు మురుగును ఇప్పింపుడని వారు అధికారులను కోరుచున్నారు.