కోడికూరలో చక్కెర

మాంసపు వంటకమునకు ఉప్పు, కారము, పులుపు తగును గాని తీపి తగదని మన యిండ్లలో పలువురి నమ్మకము. కోడిమాంసములో చక్కెరయు బాదంపాలును పోసి వండుదురని చెప్పినచో వినువారు ముఖము చిట్లింతురు. అయినను పేరెన్నికగన్న రాజుల వంటశాలలలో కొన్ని వందల ఏండ్లపాటు అట్లే వండిరి. కూర వేరు, మిఠాయి వేరు అను విభాగము నాలుకతో పుట్టినది కాదు, చరిత్రలో పుట్టినది. ఆ చరిత్రను కొంచెము తడవి చూచుట ఈ ప్రసంగమున మా యుద్దేశము.

కథ మన దేశముననే మొదలగుచున్నది. చెరకురసమును కాచి, గట్టిపరచి, పలుకులుగా చేయు విద్య భారతదేశమున వర్ధిల్లి ఇచ్చటనుండి పడమటికి వ్యాపించినది. సంస్కృతమున శర్కర యనగా గులకరాయి, ఇసుకపలుకు అనియు నర్థము. ఆ మాటయే మనకు చక్కెర అయినది. పారసీకులకు షకర్, అరబ్బులకు సుక్కర్, ఇంగ్లీషువారికి షుగర్ అయినది. ఖండ మను మాట పారసీకమున కంద్ అయి, పిల్లలు చప్పరించు కాండీలో నేటికిని నిలిచియున్నది. మాట నడచిన త్రోవనే సరకును నడచినది.

ఆ సరకు అబ్బాసీ ఖలీఫాల బాగ్దాదు చేరునప్పటికి దానికి క్రొత్త వైభవము పట్టినది. 10వ శతాబ్దమున ఇబ్న్ సయ్యార్ అల్ వర్రాక్ అను నతడు కూర్చిన పాకగ్రంథమున జూదాబ యను వంటకము కలదు. తందూరు అడుగున వెడల్పైన పళ్లెము నుంచి, అందులో పలుచని రొట్టెల నడుమ చక్కెరయు, బాదంపప్పును, పండ్లును అమర్చుదురు. దానిపైన బలిసిన కోడిని వ్రేలాడగట్టి కాల్చుదురు. కోడి కాలుచుండగా కారెడి కొవ్వు చుక్కచుక్కగా ఆ తీపిలోనికి దిగును. పిదప మాంసమును కోసి ఆ తీపితో కలిపి వడ్డింతురు. పొయ్యి యొకటి, మంట యొకటి, వంటలు రెండు. కారిన చుక్క యొక్కటియు వృథా పోదు. ఇది రాజభోగమే యైనను, ఇందు పొదుపెరిగిన యిల్లాలి నేర్పు కూడ కానవచ్చును. 1226లో ముహమ్మద్ అల్ బాగ్దాదీ రచించిన గ్రంథమునను జూదాబలు కలవు. 13వ శతాబ్దపు సిరియాదేశ పాకగ్రంథ మొకదానిలో పిస్తాతోను, బాదముతోను, గులాబి పాకముతోను వండిన తీపి కోడికూరలు వరుసగా కనబడును.

మధ్యధరా సముద్రము దాటిన పిమ్మట యూరపులోను ఇదే రుచి నెలకొన్నది. ఇంగ్లండున రెండవ రిచర్డు రాజు వంటవారు సుమారు 1390లో కూర్చిన గ్రంథమున, తెల్లని భోజన మను అర్థము గల బ్లమాంజ్ అను వంటకము కలదు. విత్తుకొట్టిన కోడిపుంజు మాంసమును సన్నగా చీల్చి, బియ్యముతో, బాదంపాలతో, చక్కెరతో ఉడికింతురు. చాసర్ కవి తన కాంటర్‌బరీ కథలలోని వంటవాడు ఈ వంటకమున దిట్ట యని చెప్పియున్నాడు. ఆనాడు అచ్చట చక్కెర మందులవాని అంగడిలో దొరకు విలువైన వస్తువు. మిరియాలవలె, కుంకుమపువ్వువలె అదియు నొక సంభారము. వేడి చేయు గుణము కలదని నమ్మి, రోగులకు పథ్యముగా కూడ పెట్టుచుండిరి. కావున దానిని కోడిమాంసమున వేయుట వింత కాదు, ఘనత.

ఆ పాతరుచి పూర్తిగా అంతరింపలేదు. ఇస్తాంబుల్ నగరమున తావుక్ గోయ్‌సు అను మిఠాయి నేటికిని అమ్ముచున్నారు. ఆ పేరున కర్థము కోడిరొమ్ము. ఆ మాంసమును దారములవలె చీల్చి, వాసన పోవువరకు నీళ్లు మార్చి కడిగి, పాలు, చక్కెర, బియ్యపుపిండితో చిక్కగా కాచి, పైన దాల్చినచెక్క పొడి చల్లుదురు. తెలియనివారు తిన్నచో అందు మాంసమున్నదని పోల్చుకొనజాలరు. మొరాకోలో పావురపు మాంసమునో కోడిమాంసమునో బాదముతో కలిపి, పలుచని పొరలలో చుట్టి కాల్చి, పైన చక్కెర చల్లి పెండ్లిండ్లలో వడ్డింతురు.

మరి యీ రుచులు విడిపోయిన దెప్పుడు? 17వ శతాబ్దమున ఫ్రాన్సు వంటవారు నూతన మార్గము త్రొక్కిరి. 1651లో లా వరెన్ ప్రకటించిన గ్రంథము ఆ మార్పునకు గుర్తు. మాంసమునకు దాని సహజరుచియే ప్రధానమని ఎంచి, వెన్న, మూలికలు మిగిల్చి, చక్కెరను భోజనపు చివరకు నెట్టిరి. వైద్యుల అభిప్రాయములును అప్పుడే మారుచుండెను. వేరొక కారణమును కలదు. చక్కెర చవుక అగుచుండెను. అందరి యింట ఉన్న వస్తువు ఘనతకు గుర్తు కాజాలదు గదా!

ఆ చవుకదనమునకు వెల చెల్లించిన వారెవరో మరువరాదు. 1493లో కొలంబసు తన రెండవ యాత్రలో చెరకును కరిబియన్ దీవులకు కొనిపోయెను. తరువాత ఆ తోటలలో పనిచేయుటకు ఆఫ్రికా జనులను లక్షల సంఖ్యలో బానిసలుగా తరలించిరి. బ్రిటిషు సామ్రాజ్యమున బానిసత్వము రద్దయిన పిదప, 1834 మొదలుకొని ఒప్పందపు కూలీలుగా మారిషస్ దీవి చెరకుతోటలకు పోయినవారిలో తెలుగువారు కలరు. గోదావరి ముఖమున నున్న కోరంగి రేవునుండి ఓడ లెక్కినందున వారికచ్చట కోరంగివారను పేరే వచ్చినది. వారు దిగిన రేవు మెట్లు 2006లో ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో చేరినవి. మన చెంచాలోని చక్కెరలో మనవారి చెమట కూడ కలదన్నమాట.

ఇక మన వంటింటిని చూతము. తీపి మాంసమునకు తగదనువారు కోడికూరకు నూరు మసాలాను పరికింపవలెను. గసగసాలు, కొబ్బరి, జీడిపప్పు, యాలకులు: ఇవన్నియు పాయసమునకును లడ్డూలకును కావలసిన సరకులే గదా! పులుసులో బెల్లపుముక్క వేయుట మన పెద్దలెరిగినదే. ఇందు శాస్త్రమును కలదు. చక్కెరలును మాంసకృత్తుల అంశములును వేడిమికి కలిసి గోధుమవన్నెను, కమ్మని వాసనను పుట్టించునని ఫ్రెంచి రసాయనశాస్త్రజ్ఞుడు మైయార్ 1912లో నిరూపించెను. అయితే చక్కెర త్వరగా మాడును గనుక దానిని కొలదిగా, చివర వేయుట మంచిది.

పండుగ మరునాడు పాయసమునకు తెచ్చిన బాదము, కిస్మిస్, కొబ్బరిపాలు మిగిలియుండి, ఇంట కోడి వండవలసివచ్చినచో గృహిణులు సంకోచింప నక్కరలేదు. కారమును, నిమ్మపులుపును తోడుచేసి తీపిని వెనుక నిలిపినచో చాలును. ఎవరైన ఇదెక్కడి వంట యని అడిగినచో, ఇది బాగ్దాదు ఖలీఫాలు తిన్న దారియేనని నిర్భయముగా చెప్పవచ్చును.