రేవు మెట్లకు కొత్త రూపు.. భద్రతే కొలమానం
రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ నేర్పిన పాఠాలు
మెట్ల వెడల్పు కన్నా ద్వారం వెడల్పే కీలకం

రాజమహేంద్రవరం: గోదావరి గట్టున వెలసిన నగరంలో రేవు మెట్లు కేవలం రాతి కట్టడాలు కావు. నిత్య స్నానాలు, పిండ ప్రదానాలు, కార్తిక దీపాలు, సాయంకాలపు విహారం.. అన్నింటికీ అవే వేదిక. పన్నెండేళ్లకోసారి బృహస్పతి సింహరాశిలో ప్రవేశించిన వేళ ఆ మెట్లపైకి లక్షలాది మంది తరలివస్తారు. 2003, 2015 పుష్కరాల తరువాత మళ్లీ 2027 పుష్కరాల దృష్ట్యా ఘాట్ల పునర్నిర్మాణం చర్చకు వచ్చింది. పుష్కర ఘాట్, హేవలాక్ వంతెన పరిసరాల అభివృద్ధికి ఉద్దేశించిన ‘అఖండ గోదావరి’ పథకానికి 2025 జూన్‌లో శంకుస్థాపన జరిగింది. ఈ నేపథ్యంలో పాత మెట్లను తిరిగి రూపొందించేటప్పుడు గమనించవలసిన అంశాలేమిటో తెలుసుకోవడం అవసరం.

మరువరాని ఉదయం

2015 జులై 14న గోదావరి పుష్కరాల తొలిరోజు పుష్కర ఘాట్ వద్ద జరిగిన తొక్కిసలాటలో కనీసం 27 మంది ప్రాణాలు కోల్పోయారు. తొలి ఘడియలోనే స్నానమాచరించాలన్న తపనతో గంటల తరబడి వేచి ఉన్న జనం ఒక్కసారిగా ద్వారం వైపు కదలడంతో ఈ ఘోరం సంభవించింది. ఘటనపై విచారణకు ప్రభుత్వం జస్టిస్ సి.వై.సోమయాజులు ఏకసభ్య కమిషన్‌ను నియమించింది. ఆ పుష్కరాలకు కోటిలింగాల ఘాట్‌ను కిలోమీటరుకు పైగా పొడవున విస్తరించారు. అయినా గోదావరి రైల్వేస్టేషనుకు చేరువలో ఉన్న పుష్కర ఘాట్ వైపే యాత్రికులు అధికంగా మొగ్గారు. ఎన్ని మెట్లు కట్టామన్నది ఒక్కటే చాలదని, జనం ఏ దారిన వచ్చి ఏ దారిన వెళతారన్నదే ప్రధానమని ఆ ఉదయం చాటింది.

ఇదే నది ఎగువన నాసిక్‌లో 2003 ఆగస్టు 27న కుంభమేళా సందర్భంగా రామకుండానికి వెళ్లే ఇరుకైన వాలు దారిలో తొక్కిసలాట జరిగి 39 మంది మరణించారు. రెండు చోట్లా ప్రాణాలు తీసింది నీరు కాదు, నీటికి చేర్చే దారి.

ద్వారమే అసలు లెక్క

జనసమూహాల కదలికకు ఒక లెక్క ఉంది. బ్రిటన్‌లో క్రీడా మైదానాల భద్రతకు అనుసరించే ‘గ్రీన్ గైడ్’ ప్రకారం మీటరు వెడల్పు ఉన్న సమతల మార్గంలో నిమిషానికి గరిష్ఠంగా 82 మంది, మెట్లపై 66 మంది సాగగలరు. అంటే 4 మీటర్ల వెడల్పు గల మెట్ల దారిలో నిమిషానికి 264 మంది, గంటకు సుమారు 15,800 మంది మాత్రమే దిగగలరు. వృద్ధులు, చంటిబిడ్డలు, తడి బట్టలు, చేతిలో సంచులు ఉండే రేవులో ఈ సంఖ్య ఇంకా తగ్గుతుంది.

లోపల మెట్లు వంద మీటర్ల వెడల్పున ఉన్నా, వాటికి చేర్చే ద్వారం నాలుగు మీటర్లే అయితే ఘాట్ సామర్థ్యం నాలుగు మీటర్లదే. చదరపు మీటరుకు ఏడుగురికి మించి కిక్కిరిసినప్పుడు మనిషి తన ఇష్టానుసారం కదలలేడని, జనం ప్రవాహంలా అలలుగా ఊగుతారని నిపుణులు చెబుతారు. ఆ స్థితిలో ఒకరు తూలినా పదుల మంది పడతారు. కాబట్టి రాకకు ఒక వైపు, పోకకు మరో వైపు ద్వారాలుండాలి. నదికి దిగే వారు, తడి బట్టలతో ఎక్కే వారు ఎదురుపడకూడదు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2014లో వెలువరించిన జనసమూహాల నిర్వహణ మార్గదర్శిక కూడా వేదిక సామర్థ్యాన్ని ముందే లెక్కగట్టి, దానికి తగినట్లు జనాన్ని దూరంగానే నియంత్రించాలని సూచిస్తోంది.

అడుగుకు తగిన మెట్టు

మెట్టు కొలతలు మారితే కాలు తడబడుతుంది. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రజా భవనాల మెట్లకు కనీసం 300 మిల్లీమీటర్ల వెడల్పు, గరిష్ఠంగా 150 మిల్లీమీటర్ల ఎత్తు నిర్దేశించింది. ఎత్తుకు రెట్టింపు, దానికి వెడల్పు కలిపితే సుమారు 600 మిల్లీమీటర్లు రావాలన్నది మెట్ల నిర్మాణంలో ఏనాటి నుంచో ఉన్న సూత్రం. మనిషి సహజమైన అడుగుకు అది సరిపోతుంది.

కొలత ఎంతైనా అది ఆద్యంతం ఒకేలా ఉండటం మరింత ముఖ్యం. పలు దఫాలుగా మరమ్మతులు జరిగిన పాత రేవుల్లో ఒక మెట్టు ఎత్తుగా, మరొకటి పల్లంగా ఉండటం పరిపాటి. నీటి కింద కనిపించని చోట ఈ తేడా ప్రమాదకరం. మధ్య మధ్య విశాలమైన చపటాలు నిర్మిస్తే ఎక్కేవారికి విశ్రాంతి, పిండ ప్రదానాలకు స్థలం లభిస్తాయి. మెట్ల నడుమ నిలువునా పట్టుగొమ్ములు, నీటిలో లోతు మొదలయ్యే చోట గొలుసులు తప్పనిసరి.

వరదను తట్టుకోవాలి

భవనంలోని మెట్లకు లేని పరీక్ష రేవు మెట్లకు ఉంది. దిగువన ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది. ఇప్పుడు అక్కడున్న బ్యారేజీ వల్ల నగరం వద్ద నీరు నిలిచి ఉంటుంది. వరద కాలంలో మాత్రం నది రూపే మారిపోతుంది. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కులు, 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైంది.

వరద తగ్గాక మెట్లపై ఒండ్రు, బురద పేరుకుంటాయి. ఆపై పాకుడు పడుతుంది. నునుపైన గ్రానైటు, గచ్చు పలకలు చూపుకు ఇంపుగా ఉన్నా తడి పాదానికి పట్టు ఇవ్వవు. గరుకుగా చెక్కిన రాయి శ్రేయస్కరం. నీరు వేగంగా తగ్గినప్పుడు మెట్ల వెనుక మట్టిలో చిక్కిన నీటి ఒత్తిడికి పలకలు పైకి లేస్తాయి. అందుకే నీరు బయటకు పోయే గొట్టాలు అమర్చాలి. చివరి మెట్టు కింద మట్టి కోసుకుపోకుండా లోతైన పునాది గోడ కట్టాలి. ఈ రెండూ పైకి కనిపించవు. అయినా మెట్ల ఆయుష్షు వీటిపైనే ఆధారపడి ఉంటుంది.

అందరికీ అందే రేవు

చక్రాల కుర్చీకి వాలు దారి 12 అడుగులకు ఒక అడుగు ఎత్తు చొప్పున ఉండాలి. ఆ లెక్కన 3 మీటర్లు దిగేందుకు 36 మీటర్ల దారి కావాలి. తరువాత అతికించాలంటే స్థలం దొరకదు. కనుక తొలి నక్షాలోనే దీనికి చోటు కల్పించాలి. జల్లు స్నానాల ఏర్పాటు, మహిళలకు దుస్తులు మార్చుకునే గదులు ఎక్కే మార్గానికి పక్కన ఉంటేనే జనం మెట్లపై నిలిచిపోరు.

రోమ్ అనుభవం

పాత మెట్ల పరిరక్షణ ఇతర నగరాలకూ సమస్యే. 1720లలో నిర్మించిన రోమ్‌లోని స్పానిష్ మెట్లను ఒక ఆభరణాల సంస్థ ఇచ్చిన 15 లక్షల యూరోలతో బాగుచేసి 2016లో తెరిచారు. 2019 నుంచి వాటిపై కూర్చోవడాన్నే నిషేధించారు. గోదావరి రేవులో ఆ పద్ధతి చెల్లదు. ఇక్కడ కూర్చోవడం, స్నానమాడటం, దీపం వదలడమే మెట్ల ప్రయోజనం. నిర్మాణంతో పాటు నిత్య నిర్వహణకు నిధులు కేటాయించాలన్న నీతిని మాత్రం స్వీకరించవచ్చు.

ఒక చూపులో..

* రాకపోకలకు వేర్వేరు ద్వారాలు
* మెట్టు ఎత్తు 150, వెడల్పు 300 మిల్లీమీటర్లు, అన్నీ సమానం
* గరుకు రాయి, నిలువు పట్టుగొమ్ములు, లోతు వద్ద గొలుసులు
* నీటి ఒత్తిడి తగ్గించే గొట్టాలు, పునాది గోడ
* వరద తగ్గిన వెంటనే ఒండ్రు, పాకుడు తొలగింపు
* అన్ని ఘాట్లలోనూ సమాన వసతులు, స్నాన పుణ్యం ఎక్కడైనా ఒక్కటేనన్న ప్రచారం

పుష్కరాలు పన్నెండు రోజులే. మిగిలిన పన్నెండేళ్లూ ఆ మెట్లు నగర ప్రజలవి. ఈ రెండు అవసరాలనూ తీర్చగలిగినప్పుడే రేవు కొత్త రూపుకు సార్థకత చేకూరుతుంది.