పందులు పడ్డ చేను

అక్టోబరు నెలలో మసాచుసెట్స్‌లోని సేలం వెళితే కారు పెట్టుకోవడానికి చోటు దొరకదు. వీధి నిండా మంత్రగత్తె టోపీలే. పిల్లలు అడిగారని మేమూ వెళ్ళాం. కానీ 1692లో అసలు గొడవ పుట్టింది ఆ పట్నంలో కాదు, దాని పక్కనే సేలం విలేజ్ అనే పల్లెలో. ఇప్పుడు దాని పేరు డాన్వర్స్. అక్కడ రెబెక్కా నర్స్ అనే ముసలమ్మ ఇల్లు ఇంకా నిలిచి ఉంది. టోపీల గుంపు అక్కడిదాకా రాదు.

కథ చాలామందికి తెలిసిందే. పాస్టరు శామ్యూల్ పారిస్ ఇంట్లో తొమ్మిదేళ్ళ కూతురికీ, పదకొండేళ్ళ బంధువుల పిల్లకీ మూర్ఛల్లాంటివి వచ్చాయి. ఎవరు చేశారు, ఎవరు చేశారు అని పెద్దవాళ్ళు పదేపదే అడిగారు, పేర్లు బయటికొచ్చాయి. మొదట పట్టుకున్న ముగ్గురిలో సారా గుడ్ బిచ్చమెత్తుకునే మనిషి. గుమ్మం ముందు నుంచి గొణుక్కుంటూ వెళ్ళిందన్నది ఆమె మీద చెప్పిన మాటల్లో ఒకటి. ఏం గొణిగావని విచారణలో అడిగితే, కీర్తన చదువుకున్నానంది. చివరికి 19 మందిని ఉరితీశారు. ఇంకొకాయన్ని బండరాళ్ళ కింద అణిచి చంపారు.

నాకు మాత్రం మనసులో నిలిచిపోయింది రెబెక్కా సంగతే. 71 ఏళ్ళు, చెవుడు, సంఘంలో మంచి పేరు. మార్చి నెలలో ఆమె జబ్బుపడి మంచంలో ఉండగా తెలిసినవాళ్ళు నలుగురు చూడ్డానికి వెళ్ళారు. వాళ్ళు ఏమీ చెప్పకముందే ఆమె పారిస్ గారింటి పిల్లల గురించి బాధపడింది. తరువాత వాళ్ళు మెల్లగా, నీ పేరు కూడా చెబుతున్నారమ్మా అన్నారు. కాసేపు ఆమెకు నోట మాట రాలేదట. ఆ తరువాత, ఈ వయసులో ఇంత కష్టం రావడానికి తాను దేవుడి ముందు ఒప్పుకోకుండా వదిలేసిన పాపం ఏముందో అని తనలో తాను వెతుక్కుంది. ఊరంతా తిరిగిన మాట చివరిగా చేరింది ఆమె చెవికే.

ఆమె మీద ఇచ్చిన సాక్ష్యాల్లో ఒకటి పందుల గురించి. పక్కింటి సారా హోల్టన్ చెప్పిందాని ప్రకారం, మూడేళ్ళ కిందట వాళ్ళ పందులు నర్స్ వాళ్ళ చేలో పడ్డాయి. రెబెక్కా వాళ్ళింటి మీదికొచ్చి ఆమె భర్తను నానా మాటలూ అంది. ఆ తరువాత కొన్నాళ్ళకు అతను జబ్బు చేసి చనిపోయాడు. నర్స్ వాళ్ళ కంచే చాలాచోట్ల పడిపోయి ఉందని కూడా ఆ సాక్ష్యంలో ఉంది. అంటే ఆ కోపం మూడేళ్ళూ ఆరలేదన్నమాట. ఇక్కడ రెబెక్కాను కూడా వెనకేసుకు రాలేను. ఆ రోజు ఆమె నోరు జారే ఉంటుంది. ఇవతలివాళ్ళు దాన్ని మూటగట్టి దాచుకున్నారు.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో ప్రభువు చెప్పిన పద్ధతి ఒకటుంది. తప్పు చేసినవాడి దగ్గరికి ముందు ఒక్కడివే వెళ్ళి మాట్లాడాలి. వినకపోతే ఇంకా ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్ళాలి, సంఘానికి చెప్పడం ఆ తరువాతే. పారిస్‌కి ఇది తెలియనిదేమీ కాదు. రెబెక్కా పోయాక ఆమె కొడుకూ అల్లుడూ ప్రభువు బల్లకు రావడం మానేస్తే, మత్తయి 18 ప్రకారమే నడుచుకోవాలని వాళ్ళను పట్టుబట్టింది ఆయనే! ఆమె విషయంలో మాత్రం ఆయన చేసింది వేరు. ఆమె అరెస్టయిన మూడు రోజులకే, శిష్యుల్లో ఒకడు సాతాను సంబంధి అన్న వాక్యం మీద ప్రసంగించాడు. రెబెక్కా చెల్లెలు సారా క్లోయిస్ లేచి బయటికి వెళ్ళిపోయింది, వెనకాల తలుపు దభాలున మూసుకుంది. కొద్ది రోజుల్లోనే ఆమె పేరు కూడా జాబితాలోకి ఎక్కింది.

ఇరుగుపొరుగు దాదాపు 40 మంది రెబెక్కా మంచితనానికి సాక్ష్యంగా కాగితం మీద సంతకాలు పెట్టారు. వాళ్ళలో ఒకడు, మొదట ఆమె మీద ఫిర్యాదు చేసిన ఇద్దరిలోని జొనాథన్ పట్నం. జ్యూరీ మొదట నిర్దోషి అనే చెప్పింది. అప్పుడు ప్రధాన న్యాయమూర్తి ఆమె అన్న ఒక మాట గుర్తుచేశాడు. తనలాగే ఖైదీ అయిన ఇంకొకామెను సాక్ష్యానికి తెస్తే, ఈమె మాలోదే కదా అన్నట్టు రెబెక్కా ఏదో అంది. మాలో అంటే ఏమిటని జ్యూరీ అడిగితే ఆమెకు వినపడలేదు. ఆ మౌనాన్నే ఒప్పుకోలుగా తీసుకుని దోషి అన్నారు. సేలం సంఘం వెలివేసింది. జూలై 19న ఉరితీశారు. ఆ వెలిని రద్దుచేసింది 1712లో.

ఇది చదువుతుంటే నాకు మా ఇళ్ళల్లో జరిగే శుక్రవారం ప్రార్థనలు గుర్తొస్తాయి. మనవాళ్ళు చాడీలు చెప్పరు, ప్రార్థన అంశాలు చెబుతారు. ఫలానా కుటుంబం కోసం భారంగా ప్రార్థించండి, భార్యాభర్తల మధ్య ఏదో ఉన్నట్టుంది, ఇంతకంటే చెప్పకూడదు. కొన్నేళ్ళ కిందట అలాంటి అంశం ఒకటి చెప్పింది నేనే. నేను చూసింది పార్కింగ్ లాట్‌లో ఆ అమ్మాయి ఏడవడం, అంతే. మిగతాదంతా మా నోళ్ళలోనే పెరిగింది. ఆమె మా కూడికకు రావడం మానేసింది.

పేర్లు చెప్పిన పిల్లల్లో ఆన్ పట్నంకి అప్పుడు 12 ఏళ్ళు. 1706లో ఆమె సంఘంలో లేచి నిలబడితే, ఆమె ఒప్పుకోలును పాస్టరు చదివారు. అందులో రెబెక్కా పేరు ప్రత్యేకంగా ఉంది. సాతాను మోసం వల్ల అలా చేశానంది, ఎవరి మీదా కోపంతో కాదంది. నాకది సగం ఒప్పుకోలుగానే అనిపిస్తుంది. న్యాయమూర్తుల్లో ఒకడైన శామ్యూల్ సీవల్ 1697లో బోస్టన్ చర్చిలో అలాగే నిలబడి, నింద, సిగ్గు తనవేనన్నాడు. అయినా ఆన్ నిలబడింది కదా, తను తల్లిని పోగొట్టిన కుటుంబం ఉన్న ఊళ్ళోనే.

డాన్వర్స్ నుంచి వచ్చిన వారానికి నేను ఆ అమ్మాయి ఇంటికి ఒక్కణ్ణే వెళ్ళాను. అంశం చెప్పింది నేనేనని చెప్పాను. ఆమెకు ఆ సంగతి ముందే తెలుసట. టీ పెట్టి ఇచ్చింది. కూడికకు మాత్రం తిరిగి రాలేదు.