ఆట మూతపడ్డాక మిగిలేది: గేమ్ వీడియోల రికార్డింగు కథ, మన సంఘం ముందున్న ఎంపిక



ఈసారి మన సంఘం కుర్రాళ్లు కంప్యూటర్, మొబైల్ గేముల పోటీ పెడతామంటున్నారు. ఆటలన్నీ రికార్డు చేసి, కత్తిరించి, తెలుగులో పేర్లు వేసి సంఘం దగ్గర దాచాలన్నది వాళ్ల ఆలోచన. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలని గ్రూపులో అడగ్గానే తలా ఒక పేరు చెప్పారు. కొందరు పెద్దలు "దీనికింత రచ్చ ఎందుకప్పా, ఏదో ఒకటి వేసుకోండి" అన్నారు. ఆవని జాతరలో ఎద్దుల జత కొనే రైతును ఆ మాట అని చూడండి. పళ్లు పట్టి చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, ఎవరి కొట్టంలో పెరిగాయో అడుగుతాడు. సాఫ్ట్‌వేర్‌కు పళ్లుండవు గాని పుట్టుపూర్వోత్తరాలుంటాయి. వాటిని ఒకచోట పెడదామని ఇది రాస్తున్నాం. పొడుగ్గానే ఉంటుంది, తీరిగ్గా చదవండి.

ముందు ఆవని గురించే ఒక మాట. రామలింగేశ్వరుడి గుడి, లక్ష్మణ భరత శత్రుఘ్నుల పేర్లతో ఉన్న గుళ్లు, కొండ మీద సీతమ్మ గుడి మనందరికీ తెలిసినవే. అక్కడి శాసనాల సంగతి మాత్రం తక్కువమందికి తెలుసు. త్రిభువనకర్త అనే శైవ గురువు నలభై ఏళ్లు ఆవని స్థానాన్ని ఏలి, యాభై గుళ్లు కట్టించి, రెండు పెద్ద చెరువులు తవ్వించాడని క్రీ.శ. 961 నాటి శాసనం చెబుతుంది. ఆయన నోలంబుల కాలంవాడు. బి. ఎల్. రైస్ కోలారు జిల్లా శాసనాలను సేకరించి 1905లో ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటంగా అచ్చు వేయించాడు. అంటే రాయి ఆవనిలో ఉంది, దాని ప్రతి లైబ్రరీల్లో ఉంది. చెక్కిన ఉలి ఎవరిదో, ఏమైందో ఎవరికీ అక్కర్లేదు. ఉలి లేకుండానే రాత చదవగలుగుతున్నాం.

మన జిల్లా ఊళ్లలో పొలం గట్ల మీద, చెరువు కట్టల పక్కన కనిపించే వీరగల్లులు కూడా అలాంటివే. సాధారణంగా కింది అరలో పోరు ఉంటుంది. మధ్య అరలో అప్సరసలు వీరుణ్ణి పైకి తీసుకుపోతుంటారు. పై అరలో ఆయన దేవుడి సన్నిధిలో ఉంటాడు. జరిగిన పోరంతా చెక్కలేదు, మూడు ఘట్టాలు ఏరుకున్నారు. ఎడిటింగ్ అంటే ఇదే కదా అని మన కుర్రాడొకడు అన్నాడు. కాదనలేకపోయాం.

ఇక గేముల దగ్గరికి వద్దాం. 1980ల మొదట్లో గేమ్ ఆడి గెలిచానని చూపించడానికి టీవీ తెర మీద స్కోరును కెమెరాతో ఫొటో తీయడమే దారి. అమెరికాలో యాక్టివిజన్ కంపెనీ అలాంటి ఫొటో పంపినవాళ్లకు గుడ్డ బ్యాడ్జీలు పంపేది. పిట్‌ఫాల్ గేమ్‌లో 20,000 పాయింట్లు దాటితే ఒక బ్యాడ్జీ. తెరను ఫొటో తీయడం మనం ఈ రోజుకీ చేస్తున్నదే.

అసలు రికార్డింగు 1993లో వచ్చిన డూమ్‌తో ఊపందుకుంది. అయితే అది వీడియో కాదు. ఆటగాడు ఎటు కదిలాడు, ఎటు తిరిగాడు, ఏ మీట నొక్కాడు అన్నది మాత్రమే సెకనుకు 35 సార్లు రాసుకునేది. ఒక్కో రాతకు 4 బైట్లు. లెక్క వేస్తే నిమిషానికి 8,400 బైట్లు. ఒక మామూలు ఫ్లాపీలో దాదాపు మూడు గంటల ఆట పట్టేది! ఆ ఫైలును డూమ్‌కు ఇస్తే గేమే మళ్లీ ఆ ఆటను మన కళ్ల ముందు ఆడి చూపించేది. వాటిని డెమోలు అనేవారు. తిరకాసు ఎక్కడంటే, ఒక వెర్షన్‌లో తీసిన డెమోను వేరే వెర్షన్‌లో ఆడిస్తే లెక్క తప్పి, మన వీరుడు గోడకేసి తల బాదుకుంటూ నిలబడిపోవచ్చు. బొమ్మ ఎక్కడా దాచలేదు, దాచింది సూచనలే. సూచనలు అర్థం చేసుకునే గేము పోతే డెమో వట్టి అంకెల మూట.

1996లో క్వేక్ వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో రేంజర్స్ అనే ఆటగాళ్ల జట్టు డెమోలతోనే రెండు నిమిషాలైనా లేని ఒక చిన్న కథ తీసింది. దాని పేరు డైరీ ఆఫ్ ఎ క్యాంపర్. గేమ్ బొమ్మలతో కథ చెప్పిన తొలి సినిమాగా దాన్ని చెబుతారు. ఆ డెమో ఫైలు లోపల ఏముందో ఊవే గిర్లిక్ అనే జర్మన్ విప్పి రాసిపెట్టాడు, విడదీసే సాఫ్ట్‌వేర్ కూడా ఇచ్చాడు. ఆ పుణ్యమా అని కెమెరా కోణాలు మార్చడం, ముక్కలు అతకడం మిగతావాళ్లకూ సాధ్యమైంది. 1997లో క్వేక్‌ను అత్యంత కఠినమైన స్థాయిలో 19 నిమిషాల 49 సెకన్లలో ముగించిన క్వేక్ డన్ క్విక్ కూడా డెమోలతో తయారైనదే. ఫైలు నిర్మాణం దాచిపెట్టకుండా బయట రాసి ఉన్నందువల్లే వాటిని ఈ రోజుకీ ఆడించగలుగుతున్నారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ పనికొస్తుంది.

మన దేశపు సైబర్ కేఫ్‌లలో ఈ డెమోలు కౌంటర్ స్ట్రైక్ రూపంలో వచ్చాయి. అందులో రికార్డ్ అని ఆదేశం టైపు చేస్తే ఆట డెమోగా పడేది. తెలిసినవాళ్లు తక్కువ. గంటకు ఇంత అని డబ్బు కట్టి ఆడే చోట, ఆ ఫైలును ఇంటికి తెచ్చుకునేవాళ్లు ఇంకా తక్కువ.

గేము సాయం లేకుండా తెర మీది బొమ్మనే వీడియోగా పట్టే పనిలో ఎక్కువ పేరు తెచ్చుకున్నది ఫ్రాప్స్. ఆస్ట్రేలియా కంపెనీ బీపా 1999లో తెచ్చింది. సెకనుకు ఎన్ని ఫ్రేములు పడుతున్నాయో కొలిచే పనిముట్టుగా మొదలై, తర్వాత రికార్డింగు నేర్చింది. ఉచితంగా వాడితే 30 సెకన్లే, అదీ పైన ముద్రతో. డబ్బు కట్టినా హార్డ్ డిస్క్ చాలదు. కొద్ది నిమిషాల ఆటకే జీబీలకు జీబీలు తినేది, 4 జీబీ దగ్గర ఫైలు తెంచి కొత్తది మొదలుపెట్టేది. ఆ ముక్కలను వర్చువల్‌డబ్‌తో కుదించి, విండోస్ మూవీ మేకర్‌లో అతికించేవారు. ఫ్రాప్స్ చివరి వెర్షన్ 2013 ఫిబ్రవరిలో వచ్చింది, ఆ తర్వాత ఏమీ రాలేదు. మూవీ మేకర్ 2000లో విండోస్ మీతో పుట్టింది, 2017 జనవరిలో మైక్రోసాఫ్ట్ దాన్ని ఆపేసింది.

మూవీ మేకర్ దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే మనలో చాలామంది ఇళ్లలో దాని ఫైళ్లు ఉన్నాయి. అందులో "సేవ్ ప్రాజెక్ట్" అంటే వీడియో దాచినట్టు కాదు. ఏ ముక్క ఏ ఫోల్డరులో ఉంది, ఎక్కడ కత్తిరించాం అన్న చిట్టా మాత్రమే అది. ముక్కలు చెరిపేసి ప్రాజెక్టు ఒక్కటే సీడీలో పెట్టుకుంటే, పెళ్లి భోజనానికి పోయి జాబితా మాత్రం తెచ్చుకున్నట్టే. తెలుగు పేర్ల తంటా ఇంకోటి. యూనికోడ్ అందరికీ అలవాటు కాకముందు అను ఫాంట్లతో టైపు చేసేవారు. అక్షరం వెనక ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు గుర్తులు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ప్రాజెక్టు తెరిస్తే రామలింగేశ్వరుడు పిచ్చిగీతలై కనిపిస్తాడు.

2012 సెప్టెంబరులో హ్యూ బెయిలీ ఓబీఎస్ విడుదల చేశాడు. డబ్బు లేదు, ముద్ర లేదు, గడువు లేదు, లోపలి కోడ్ అందరికీ చూపించే లైసెన్సు. మొదటిది విండోస్‌కే పరిమితం. తర్వాత దాన్ని తిరగరాసి ఓబీఎస్ స్టూడియోగా మాక్‌కు, లినక్స్‌కు కూడా ఇచ్చారు. 2013లో ఎన్విడియా షాడోప్లే వచ్చింది. వీడియో కుదించే పనిని గ్రాఫిక్స్ కార్డులోని ప్రత్యేక భాగానికి అప్పగించడంతో గేము వేగం పెద్దగా తగ్గకుండా రికార్డు చేయడం వీలైంది. గడిచిపోయిన కొద్ది నిమిషాలను వెనక్కి తీసి దాచుకునే సౌకర్యం కూడా అందులో ఉండేది. అయితే ఆ కంపెనీ కార్డు ఉన్నవాళ్లకే.

ఓబీఎస్ కోడ్ తీసుకుని ఇతరులు తమ సాఫ్ట్‌వేర్లు చేసుకోవచ్చు, దానికి లైసెన్సు ఒప్పుకుంటుంది. పేరు వాడుకోవడం వేరే సంగతి. స్ట్రీమ్‌ల్యాబ్స్ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌కు ఓబీఎస్ పేరు తగిలించుకుంది. వద్దని చెప్పినా వినలేదని ఓబీఎస్ వాళ్లు 2021 నవంబరులో బహిరంగంగా చెప్పారు. గొడవ ముదిరాక ఆ కంపెనీ పేరులోంచి ఓబీఎస్ తీసేసింది. గ్రూపులో కొందరు ఈ రెంటినీ ఒకటే అనుకుంటున్నారు కాబట్టి చెబుతున్నాం.

ఇదంతా కంప్యూటర్ ఉన్నవాళ్ల చరిత్ర. మన పల్లెల కుర్రాళ్లలో చాలామంది చరిత్ర ఫోనులోనే మొదలైంది. 2014లో వచ్చిన ఆండ్రాయిడ్ 5తో, ఫోన్‌ను రూట్ చేయకుండానే తెరను రికార్డు చేసే యాప్‌లకు దారి దొరికింది. 2016లో జియో వచ్చాక డేటా చవకైంది. 2018లో పబ్జీ మొబైల్ వచ్చింది. గేము శబ్దాన్ని నేరుగా పట్టే వీలు మాత్రం 2019లో ఆండ్రాయిడ్ 10 దాకా మామూలు యాప్‌లకు లేదు. మైకుతోనే పట్టాలి. ఆ కాలపు వీడియోల్లో తుపాకుల మోతతో పాటు కుక్కర్ విజిల్, ఫ్యాను చప్పుడు, "అన్నానికి రారా" అని అమ్మ కేక కూడా వినిపిస్తుంటాయి. మాకైతే అసలు ఆట కన్నా అవే ఎక్కువ ఇష్టం.

తర్వాత 2020 వచ్చింది. జూన్ 29న కేంద్ర ప్రభుత్వం 59 చైనా యాప్‌లను నిషేధించింది. టిక్‌టాక్ గురించే అందరూ మాట్లాడారు. ఆ జాబితాలోనే డీయూ రికార్డర్, వివావీడియో కూడా ఉన్నాయి. ఒకటి తెరను పట్టేది, ఇంకోటి కత్తిరించేది. సెప్టెంబరు 2న 118 యాప్‌ల జాబితాలో పబ్జీ మొబైల్ పోయింది. అక్టోబరు 30తో ఇక్కడివాళ్లకు దాని సర్వర్లూ ఆగిపోయాయి. 2021 జులైలో బీజీఎంఐ వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ నిషేధంలో పడింది. అదే ఏడాది జులైలో బీజీఎంఐ స్టోర్ల నుంచి మాయమై 2023 మేలో తిరిగొచ్చింది.

నిషేధాలు సబబా కాదా అన్న వాదన ఇక్కడొద్దు. మా బాధ వేరే. లాక్‌డౌన్‌లో కోలారులో ఒకడు, ముళబాగిలులో ఒకడు, బెంగళూరు గదిలో ఒకడు కూర్చుని నెలల తరబడి కలిసి ఆడారు. ఆడిన గేము తెరుచుకోలేదు, రికార్డు చేసిన యాప్ మళ్లీ దొరకలేదు. అయినా మామూలు ఎంపీ4 ఫైలుగా గ్యాలరీలో పడి ఉన్న వీడియోలు బతికాయి. యాప్ లోపల సగం కత్తిరించి వదిలేసిన ప్రాజెక్టులు యాప్‌తో పాటే పోయాయి. ఎవరో ఒకరు ఆన్‌లైన్‌లో దాస్తారులే అన్న భరోసా కూడా గట్టిది కాదు. గేమర్లు వీడియోలు పెట్టుకునే ఎక్స్‌ఫైర్ 2015 జూన్‌లో మూతపడుతూ, దించుకోవడానికి రోజులు లెక్కపెట్టి ఇచ్చింది. ట్విచ్ 2025 ఏప్రిల్ నుంచి ఒక్కొక్కరి హైలైట్లకు, అప్‌లోడ్లకు కలిపి 100 గంటల పరిమితి పెట్టింది.

అందుకే మా లెక్కలో మొదటి పరీక్ష బొమ్మ ఎంత మెరుస్తోంది అన్నది కాదు. ఈ సాఫ్ట్‌వేర్ రేపు లేకుండా పోతే దీంతో చేసిన పని తెరుచుకుంటుందా అన్నది. ఆ పరీక్షలో రికార్డింగుకు ఓబీఎస్ స్టూడియో నిలుస్తుంది. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. మామూలు ఎంపీ4లో వీడియోను చదవడానికి కావలసిన సూచిక చివర్లో రాస్తుంది. మధ్యలో కరెంటు పోతే సూచిక రాయకుండానే ఆగి, గంట ఆట తెరుచుకోకుండా పోతుంది. మన వైపు కరెంటు సంగతి చెప్పాలా! ఎంకేవీ పెట్టుకుంటే కరెంటు పోయిన క్షణం దాకా ఉన్నది దక్కుతుంది. తర్వాత ఓబీఎస్‌లోనే ఎంపీ4గా మార్చుకోవచ్చు. 2024లో వచ్చిన 30.2 వెర్షన్‌లో ఈ ఇబ్బంది లేని కొత్త రకం ఎంపీ4 కూడా ఇచ్చారు. ఫోన్లకు ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోనులోనే వచ్చే రికార్డర్ చాలు.

ఎడిటింగ్ దగ్గర కుర్రాళ్లలో రెండు పక్షాలున్నాయి. ఒక పక్షం డావిన్సీ రిజాల్వ్ అంటోంది. ఒకప్పుడు సినిమా స్టూడియోలు లక్షల డాలర్లు పోసి కొన్న రంగుల యంత్రం అది. 2009లో బ్లాక్‌మ్యాజిక్ కొని, 2011లో ఉచిత వెర్షన్ ఇచ్చింది. పనితనంలో దానికి వంక పెట్టలేం. కానీ గట్టి గ్రాఫిక్స్ కార్డు, బోలెడంత మెమరీ కావాలి, సంఘం కంప్యూటర్ మోయలేదు. పైగా ఉచితమైనా అది ఒక కంపెనీ సొత్తే. రెండో పక్షం కేడెన్‌లైవ్ అంటోంది. 2002 నుంచి ఉంది, కోడ్ బహిరంగం, ప్రాజెక్టు ఫైలు మామూలు నోట్‌ప్యాడ్‌లో తెరిచినా చదవగలిగే రాత. మా మొగ్గు దీనివైపే. మెరుపులు కాస్త తక్కువే, ఒప్పుకుంటాం. ఏది తీసుకున్నా ముందు "శ్రీ రామలింగేశ్వర జాతర, ముళబాగిలు" అని యూనికోడ్‌లో టైపు చేసి, ఒత్తులు సరిగ్గా కూర్చుంటున్నాయో లేదో చూడండి. కూర్చోకపోతే అక్కడే పక్కన పెట్టండి.

ఆఖరి మాటకు వచ్చే ఆదివారం కూర్చుందాం. అప్పుడే ఇళ్లలో ఉన్న పాత మెమరీ కార్డులు, సీడీలు, పగిలిన ఫోన్లు తీసుకురండి, కాపీ చేసుకుని తిరిగిచ్చేస్తాం. రెండు హార్డ్ డిస్కులు కొంటున్నాం. ఒకటి సంఘం గదిలో, ఇంకోటి కోలారులో ఒక సభ్యుడి ఇంట్లో ఉంటాయి. మూవీ మేకర్ ప్రాజెక్టు ఉన్నవాళ్లు ఆ ఒక్క ఫైలు కాకుండా, అసలు వీడియో ముక్కలున్న ఫోల్డరు మొత్తం పట్టుకురండి.